కాలిరాత

శనివారం ట్రాంపోలిన్ మీద
ఆకాశం ఒక్కసారి ఎక్కువ ఎగరేసిందట,
దిగేలోపు నేల కొంచెం పక్కకి జరిగిందట.
మేదిని చెప్పిన కథనం ఇదీ.
దానికి ఐదున్నరేళ్ళు. సాక్షులు లేరు,
కంచె మీద మాగ్‌పై పిట్ట ఒకటి తప్ప.

కుడి చీలమండ బూరెలా పొంగింది.
ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా, నిక్షేపంగా,
మా ఇంట్లో ఎవరికీ లేనంత పొందిగ్గా ఉన్నాయి.
"బెణుకే" అంది ఫిజియో బ్రాన్విన్.
"చల్లగా, ఎత్తుగా, ఓపిగ్గా. రుద్దకండి."

రుద్దకండి అన్నచోట ఆగిపోయాను.
నేను ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి.
మా వీధిలో ఎవరి నడుం పట్టేసినా
నిద్దట్లోంచి నన్నెత్తుకెళ్ళి
వాళ్ళ వీపు మీద మూడుసార్లు తొక్కించేవారు.
ఫీజు ఒక వేరుశెనగ ఉండ.
కండక్టరు సూరపరాజు గారైతే
నా అరికాలికి దణ్ణం పెట్టుకుని మరీ డ్యూటీకెళ్ళేవారు.
అంత చరిత్ర ఉన్న పాదం
బాలరాట్‌లో, జూలై చలిలో,
రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని
కూతురి మంచం పక్కన ఊరికే నిలబడింది.

మా చేతిలో ఉన్న మందల్లా
ఫ్రీజర్లో బఠానీల సంచి.
తువ్వాల్లో చుట్టి, రెండు దిండ్ల మీద కాలు పెట్టి,
ఇరవై నిమిషాలు.
ఇరవై నిమిషాలంటే ఎంతో
పక్కన కూర్చుంటేగానీ తెలీదు.
"అయిపోయిందా?"
ఒక నిమిషం.
"బఠానీలకి చలెయ్యదా?"
రెండు.
"నా కాలు ఎవరిమీద అలిగింది?"
దీనికి నాలుగు నిమిషాలు ఆలోచించాను. జవాబు దొరకలేదు.

బాత్రూముకి నా వీపు మీద.
కిటికీ దగ్గరికి నా వీపు మీద.
మంచు పేరుకున్న గడ్డిలో ఒంటరిగా ఉన్న ట్రాంపోలిన్‌కి
"నీ తప్పేం లేదులే" అని చెప్పి రావడానికి కూడా
నా వీపు మీదే.
రాత్రంతా బేకరీలో పిండి బస్తాలు మోసొచ్చిన వీపు
ఈ పద్దెనిమిది కిలోలకి కిక్కురుమనలేదు.

పక్కింటి డెనిస్, మోకాలు మార్పించుకున్నాయన,
కంచె అవతల్నించి చేతికర్ర ఊపి "పందెమా?" అన్నాడు.
"ఇప్పుడు కాదు, వచ్చే బుధవారం" అంది
ఎంతో తీరిక లేని మనిషిలా.

తొమ్మిదో రోజు బ్రాన్విన్ కొత్త పని చెప్పింది.
బొటనవేలే బలపం, గాలే పలక,
రోజూ అక్షరాలన్నీ రాయించండి.
ఏ, బీ, సీ. అన్నీ గీతలు, మూలలు.
ఎఫ్ దగ్గర చీలమండ మొరాయించింది.
"నీ ఫోన్లో ఉంటాయే నాన్నా,
ముడుచుకు పడుకున్న పిల్లుల్లాంటివి,
అవి రాస్తా."
ఆర్నెల్లుగా వాటి ముందు కూర్చోబెడితే
కడుపునొప్పి తెచ్చుకున్న పిల్ల!

తప్పమ్మా అని నోటిదాకా వచ్చింది.
కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగాను.
పేపరు తొక్కినందుకు మా మేనత్త
నా చేత పదిసార్లు లెంపలేయించింది.
ఆ వీధిలోనే, ఈ కాలికే దణ్ణాలూ పెట్టారు.
ఏ రోజు ఏదో నాకెలా తెలిసేది?

సరే, రాయి.

అ.
పాదం వణుకుతూ ఒక చుట్టు తిరిగింది.
ఆ. తోక దగ్గర "అబ్బా" అంది.
ఇ కి రెండు ప్రయత్నాలు.
ఋ దగ్గర నవ్వొచ్చి కాలు దిండు మీంచి జారింది.
"ఇంత పెద్దది ఎవరు కనిపెట్టారు?
వాళ్ళ కాలు బాగుందా?"

గాలిలో రాసింది గాలిలోనే పోయింది.
కళ్ళకద్దుకుందామంటే ఏమీ మిగల్లేదు,
ఆ పాదం తప్ప.
కమిలినచోట పసుపురంగు, కొంచెం బఠానీల చల్లదనం.
అద్దుకున్నాను.
చక్కిలిగిలై ఒక్క తన్ను తన్నింది
ముక్కు మీద,
కుడికాలితోనే.

డ్యూటీలో ఉన్న వనజకి మెసేజ్ పెట్టాను:
తన్నింది. గట్టిగానే.